ఖరీదైన అల్ట్రావైడ్ గేమింగ్ మానిటర్: డబ్బు ఎక్కడిదాకా బొమ్మకు, ఎక్కడి నుంచి వెడల్పుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇప్పుడు 27 అంగుళాల 2560×1440 మానిటర్ వాడుతున్నారు. పగలు ఆరేడు గంటలు ఆఫీసు పని, రాత్రి రెండు మూడు గంటలు గేములు. అల్ట్రావైడ్‌కు, అంటే మామూలు వాటికంటే బాగా వెడల్పయిన మానిటర్‌కు, మారాలనుకుంటూ 34 అంగుళాల క్యూడీ-ఓఎల్‌ఈడీ, బాగా వంపు తిరిగిన 45 అంగుళాల ఓఎల్‌ఈడీ, 49 లేదా 57 అంగుళాల మినీ-ఎల్‌ఈడీ, ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నారు. (ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. క్యూడీ-ఓఎల్‌ఈడీ అంటే దానికి క్వాంటం డాట్ అనే రంగుల పొర చేర్చిన రకం. మినీ-ఎల్‌ఈడీ అంటే వెనక చిన్న చిన్న దీపాలతో వెలిగే ఎల్‌సీడీ.) అక్షరాల అంచుల్లో రంగు మరక, తెర మీద మరకలు పడిపోవడం గురించీ అడిగారు. ధర రెట్టింపయితే బొమ్మ కూడా ఆ మేరకు బాగుంటుందా అన్నది అసలు సందేహం.

ఉండదు. 34 అంగుళాల 3440×1440 క్యూడీ-ఓఎల్‌ఈడీ దగ్గరే గేముల్లో బొమ్మ నాణ్యత దాదాపు కొసకు చేరిపోతుంది. అక్కడి నుంచి పైకి కట్టే డబ్బులో ఎక్కువ భాగం వెడల్పుకు, ఎత్తుకు పోతుంది. వెడల్పు వద్దని కాదు. కారు రేసింగ్ గేముల వాళ్లకు అది వరం. కాకపోతే వెడల్పు కొంటున్నామని తెలిసి కొనాలి, నాణ్యత కొంటున్నామనుకుని కాదు. మీ వాడకానికి నా ఓటు 34కే, కానీ ఒక షరతు ఉంది: పగలు మీ గదిలో వెలుతురు ఎంత, అది తెర మీద ఎక్కడ పడుతుంది అన్నది ముందు చూసుకోవాలి. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ మంది బోల్తా పడేది అక్కడే.

నేను పన్నెండేళ్లుగా వీడియో పనివాళ్లకు మానిటర్ల రంగులు సరిచేసి ఇస్తున్నాను. రాత్రిళ్లు మీలాగే గేములు. ఈ మధ్యకాలంలో సొంతంగా నాలుగు అల్ట్రావైడ్లు వాడాను: ఒక వీఏ (ఎల్‌సీడీలో ఒక రకం), ఒక పాత మినీ-ఎల్‌ఈడీ, రెండు ఓఎల్‌ఈడీలు. 49 అంగుళాలది నాది కాదు, మిత్రుడిది. దాని ముందు మూడు నెలల పాటు వారాంతాలన్నీ గడిపాను కాబట్టి దాని గురించీ మాట్లాడే హక్కు కొంత ఉందనుకుంటున్నాను.

ముందు కొలతల మాయ. అల్ట్రావైడ్ల అంగుళాలు మామూలు మానిటర్ల అంగుళాల్లాంటివి కావు. కొలిచేది మూల నుంచి మూలకు కాబట్టి వెడల్పు పెరిగితే అంకె పెద్దదవుతుంది, ఎత్తు మాత్రం అక్కడే ఉంటుంది. 34 అంగుళాల 21:9 (వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి) తెర ఎత్తు సుమారు 33 సెంటీమీటర్లు, అంటే మీ 27 అంగుళాల దాని ఎత్తే. పక్కలకు చెరో పది సెంటీమీటర్లు అదనంగా వస్తాయి, అంతే. 49 అంగుళాలది కూడా ఎత్తులో అంతే, రెండు 27 అంగుళాల మానిటర్లను అంచులు లేకుండా అతికించినట్టు. చాలామందికి మింగుడుపడని విషయం ఇంకోటి: 32 అంగుళాల మామూలు 4కే మానిటర్ విస్తీర్ణం 34 అంగుళాల అల్ట్రావైడ్ కంటే కాస్త ఎక్కువే. "పెద్ద తెర" కోసమే అల్ట్రావైడ్ కొనేవాళ్లు ఇంటికి తెచ్చుకున్నాక నిరాశపడేది ఇందుకే.

ఇక ప్యానెళ్లు. 2022లో ఏలియన్‌వేర్ ఏడబ్ల్యూ3423డీడబ్ల్యూ వచ్చింది. క్యూడీ-ఓఎల్‌ఈడీ ప్యానెల్‌తో వచ్చిన మొదటి మానిటర్ అదే. 34 అంగుళాలు, 3440×1440, 175 హెర్ట్జ్ (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క), 1800ఆర్ వంపు (ఆ ఆర్ సంగతి కింద చెబుతాను). శామ్‌సంగ్ తయారుచేసే ఆ ప్యానెల్ కుటుంబమే తర్వాత చాలా కంపెనీల పెట్టెల్లోకి వెళ్లింది. 2023లో వచ్చిన 49 అంగుళాల ఒడిస్సీ ఓఎల్‌ఈడీ జీ9లోనూ అదే సాంకేతికత, 5120×1440, 240 హెర్ట్జ్. అంగుళానికి పిక్సెళ్లు 34లో సుమారు 110, 49లో సుమారు 108. నలుపు అదే నలుపు, రంగులు అవే రంగులు, పూర్తి తెల్ల తెర మీద వెలుగు రెండింటిలోనూ 250 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) దరిదాపుల్లోనే. ఒకే చీరను ఆరు గజాలకు బదులు తొమ్మిది గజాలు కొన్నట్టు. నేత మారదు.

45 అంగుళాల దగ్గర నేత మారుతుంది, కానీ వెనక్కి. మొదట వచ్చిన 45 అంగుళాల ఓఎల్‌ఈడీలు, ఉదాహరణకు ఎల్‌జీ 45జీఆర్95క్యూఈ, 3440×1440 రిజల్యూషన్‌నే పెద్ద తెర మీద పరిచాయి. అంగుళానికి 83 పిక్సెళ్లు. 27 అంగుళాల మానిటర్‌లో 1920×1080 చూస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా. పదునైన చూపున్న కన్ను ఒక ఆర్క్ నిమిషం దాకా తేడా పట్టగలదు అంటారు. ఆ లెక్కన 34 అంగుళాల తెర మీద పిక్సెళ్లు కంటికి కలిసిపోవాలంటే 80 సెంటీమీటర్ల దూరం చాలు. ఈ 45 అంగుళాల తెరకు మీటరుకు పైగా వెనక్కి జరగాలి. జరిగితే పెద్ద తెర కొన్న సుఖం పోయె. గేమ్‌లో పరుగులు పెడుతున్నప్పుడు అంతగా తెలియదు, కానీ ఆఫీసు పనిలో అక్షరాలు చూసిన మొదటి రోజే తెలుస్తుంది. మీరు పగలు ఆరేడు గంటలు అక్షరాలే చూస్తానన్నారు కాబట్టి దీన్ని నేను జాబితా నుంచి కొట్టేస్తాను. 2025లో వచ్చిన 45జీఎక్స్950ఏ ఈ లోపాన్ని సరిచేసింది. అదే సైజులో 5120×2160, అంగుళానికి 125 పిక్సెళ్లు. దాన్ని మాత్రం ఒప్పుకుంటాను, 34 కంటే అక్షరం పదునుగా కనిపించే ఓఎల్‌ఈడీ అల్ట్రావైడ్ అది. ధర పెరిగినందుకు బొమ్మలో నిజంగా తేడా వచ్చే కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి.

దాని 800ఆర్ వంపు గురించి నా అభిప్రాయం వేరు. ఆర్ అంటే వంపు వ్యాసార్థం, మిల్లీమీటర్లలో. 800ఆర్ అంటే 80 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వలయంలో ఒక ముక్క. వీఏ ప్యానెల్‌కు వంపు అవసరం. పక్క నుంచి చూస్తే దాని రంగులు వెలసిపోతాయి. 49 అంగుళాల తెర చదునుగా ఉంటే, 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నవాడికి దాని అంచు దాదాపు 40 డిగ్రీల ఏటవాలులో కనిపిస్తుంది, అక్కడ వీఏ రంగు నిలవదు. ఓఎల్‌ఈడీకి ఆ జబ్బు చాలా తక్కువ. కాబట్టి ఓఎల్‌ఈడీకి అంత వంపు పెట్టడం అవసరంతో చేసింది కాదు, రుచి కోసం చేసింది. కొందరికి ముంచేసినట్టు ఉంటుంది, నచ్చుతుంది. స్ప్రెడ్‌షీట్ గీతలు, టైమ్‌లైన్లు రోజంతా చూసే నాకు నచ్చలేదు. రెండు వారాల్లో కన్ను అలవాటు పడుతుందన్నారు. పడలేదు.

ఇప్పుడు వెలుతురు సంగతి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఓఎల్‌ఈడీ అమ్మకాల్లో ఎప్పుడూ వినిపించే మాట "అనంతమైన కాంట్రాస్ట్", అంటే తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ నిష్పత్తి అనంతమని. చీకటి గదిలో అది నిజం, ఎందుకంటే నల్ల పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది. వెలుతురున్న గదిలో లెక్క మారుతుంది. తెర మీద తెలుపు 250 నిట్లు అనుకోండి. కిటికీ వెలుతురు పడి తెర 1 నిట్ వెనక్కి విసిరిందనుకోండి. ఇప్పుడు మీ కంటికి చేరే కాంట్రాస్ట్ సుమారు 250కి 1. పెట్టె మీద అనంతం, బల్ల మీద 250. మామూలు ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఇంకో రకం) ప్యానెల్ సొంత కాంట్రాస్టే 1000కి 1 దగ్గర ఉంటుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే, కానీ పట్టపగలు నా మీటరు చెప్పిన కథ దీనికి దూరంగా లేదు.

క్యూడీ-ఓఎల్‌ఈడీకి ఈ విషయంలో ప్రత్యేకమైన బలహీనత ఉంది. దీనిలో బయటి వెలుతురు తిరిగి రాకుండా తగ్గించే పోలరైజర్ పొర ఉండదు. ఆ పొర లేకపోవడం వల్లే వెలుగు ఎక్కువగా బయటికి వస్తుంది, అది లాభం. కానీ బయటి వెలుతురు లోపలికి వెళ్లి క్వాంటం డాట్ పొరను తాకి తిరిగి వస్తుంది, దాంతో నలుపు కాస్త ఊదా కలిసిన బూడిద రంగులో కనిపిస్తుంది. నా మొదటి క్యూడీ-ఓఎల్‌ఈడీని ఎదురుగా కిటికీ ఉన్న బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం ఆరి ఉన్న తెర వంకాయ తొక్కలా కనిపించింది. తిరిగి పంపేద్దామనుకున్నాను. చివరికి బల్లను తొంభై డిగ్రీలు తిప్పి, వెలుతురు పక్క నుంచి వచ్చేలా చేశాను. సగం సమస్య అక్కడితో పోయింది. తెర పైన వేలాడే దీపాన్ని తెర వెనక గోడ మీదికి మళ్లించాక మిగతాది పోయింది. మానిటర్‌కు బడ్జెట్ వేసే ముందు బల్లను ఎటు తిప్పగలరో చూసుకోండి, అది ఉచితం. బల్ల కదలదు, కిటికీకి తెర వేయడం కుదరదు అంటే మాత్రం మీకు నా మొదటి సలహా వర్తించదు. అప్పుడు మినీ-ఎల్‌ఈడీ వైపే వెళ్లండి.

మినీ-ఎల్‌ఈడీ మానిటర్‌కు ఇచ్చే డబ్బు ప్రధానంగా రెండింటికి: ఎంత వెలుగు ఇవ్వగలదు, ఎన్ని జోన్లుగా వెనక లైటును విడదీసి నియంత్రించగలదు. 57 అంగుళాల ఒడిస్సీ నియో జీ9లో 7680×2160 రిజల్యూషన్‌కు 2392 జోన్లు ఉన్నాయి. పెద్ద సంఖ్యే అనిపిస్తుంది. భాగిస్తే ఒక్కో జోన్ కింద దాదాపు 7000 పిక్సెళ్లు. రాత్రి ఆకాశంలో ఒక్క నక్షత్రం వెలగాలంటే దాని చుట్టూ ఉన్న ఏడు వేల పిక్సెళ్ల వెనక దీపం వెలగాలి. దాంతో నక్షత్రం చుట్టూ మసక వలయం, లేదా వలయం రాకుండా నక్షత్రాన్నే మసకగా చూపడం. తయారీదారులు ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నేను వాడిన పాత మినీ-ఎల్‌ఈడీలో 512 జోన్లే ఉండేవి. మౌస్ బాణం నల్ల తెర మీద నడుస్తుంటే దాని వెంట చిన్న పొగమంచు నడిచేది. ఆఫీసు పనికి లోకల్ డిమ్మింగ్ (జోన్ల వారీగా వెలుగు తగ్గించడం) ఆపేసి, గేముకు ఆన్ చేసుకోవడం అలవాటైపోయింది. కానీ పగటిపూట మంచు మైదానం, ఎడారి లాంటి దృశ్యాల్లో దాని వెలుగు ముందు ఏ ఓఎల్‌ఈడీ నిలవలేదు, ఇప్పటికీ నిలవదు.

దీనికి కారణం ఓఎల్‌ఈడీ తన వెలుగును తానే తగ్గించుకోవడం. 1000 నిట్లు అని రాసినవి తెరలో రెండు మూడు శాతం మేర వెలిగినప్పుడే. వెలిగే భాగం పెరిగేకొద్దీ విద్యుత్తు, వేడి అదుపులో ఉండాలని వెలుగు దిగుతూ వస్తుంది, పూర్తి తెలుపుకు వచ్చేసరికి 250. గుహలో దివిటీ అద్భుతంగా కనిపిస్తుంది, గుహ నుంచి బయటికొస్తే ఎండ మాత్రం కాస్త నీరసంగా ఉంటుంది. చాలా క్యూడీ-ఓఎల్‌ఈడీల్లో హెచ్‌డీఆర్‌కు (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే చిత్రాలకు) రెండు పద్ధతులు కనిపిస్తాయి: ట్రూ బ్లాక్ 400, పీక్ 1000. పేరు చూసి అందరూ రెండోదే పెడతారు. వెలుగు ఎక్కువగా ఉండే దృశ్యాల్లో రెండోది మొత్తం బొమ్మనే మసకబరచడం నేను చాలా మానిటర్లలో చూశాను. చీకటి గేములకు పీక్ 1000, మిగతా వాటికి ట్రూ బ్లాక్ 400, ఇది నా వాడకం.

హెచ్‌డీఆర్ స్టిక్కర్ల గురించి ఒక్క మాట. డిస్‌ప్లే ప్రమాణాలు నిర్ణయించే వెసా (VESA) సంస్థ ఇచ్చే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు లోకల్ డిమ్మింగ్ అవసరమే లేదు. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ ట్రూ బ్లాక్ 400 అన్నది వేరే ముద్ర, దానికి నలుపు 0.0005 నిట్లకు దిగాలి. రెండింటిలోనూ 400 ఉంది, రెండింటికీ హస్తిమశకాంతరం. ఎల్‌సీడీ మానిటర్ మీద ఉత్త 400 ముద్ర కనిపిస్తే అది పైన పటారం లోన లొటారం అనుకుని ముందుకు సాగండి.

రంగుల్లో క్యూడీ-ఓఎల్‌ఈడీకీ ఎల్‌జీ తరహా ఓఎల్‌ఈడీకీ తేడా ఉంది. రెండోదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెల్ల ఉపపిక్సెల్ (పిక్సెల్‌లో ఒక చిన్న భాగం) కూడా ఉంటుంది. తెల్లని మెరుపులకు అది బలం, కానీ చిక్కటి ఎరుపు, నీలం బాగా వెలగాల్సిన చోట ఆ తెలుపు పనికిరాదు. నియాన్ దీపాల నగరం ఉన్న గేమ్ రెండింటిలో పక్కపక్కన పెడితే నేను క్యూడీ-ఓఎల్‌ఈడీనే ఎంచుకుంటాను. వెలుతురున్న గదిలో పెడితే రెండోదే, ఎందుకంటే దాని నలుపు నల్లగానే ఉంటుంది. ఏది కొన్నా ఆఫీసు పనికి ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో వాడే మామూలు రంగుల పరిధి) పద్ధతి పెట్టుకోండి. లేకపోతే వెడల్పయిన రంగుల పరిధిలో మామూలు వెబ్ పేజీలు, మనుషుల ముఖాలు పసుపు కుంకుమ పూసినట్టు కనిపిస్తాయి.

అక్షరాల అంచుల్లో రంగు మరక అంటే ఏమిటని కూడా అడిగారు. క్యూడీ-ఓఎల్‌ఈడీలో మూడు ఉపపిక్సెళ్లు వరుసగా కాక త్రికోణంలో ఉంటాయి, ఆకుపచ్చ పైన, ఎరుపు నీలం కింద. విండోస్ అక్షరాలను నునుపు చేసే పద్ధతి మూడూ ఒకే వరుసలో ఉన్నాయనుకుని లెక్కవేస్తుంది. దాంతో తెల్ల పెట్టె పై అంచున ఆకుపచ్చ, కింది అంచున గులాబీ ఛాయ. 110 పిక్సెళ్ల సాంద్రతలో వెతికితే కనిపిస్తుంది. తర్వాతి తరాల ప్యానెళ్లలో ఉపపిక్సెళ్ల ఆకారం మార్చి కొంత తగ్గించారు. నాకు వారం రోజులు కనిపించింది, తర్వాత కనిపించలేదు. నా సహోద్యోగికి ఆరు నెలలైనా పోలేదు, ఆయన అమ్మేశారు. ఇది మీ కళ్లకే తెలియాలి, కాబట్టి తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి. మొదటి రెండు రోజులు గేములు పక్కనపెట్టి మీ ఆఫీసు పనే చేయండి.

చలనంలో స్పష్టత గురించి పెద్దగా రాయను, ఓఎల్‌ఈడీ గెలుపు అంత స్పష్టం. నా పాత వీఏలో చీకటి దృశ్యాల్లో కెమెరా తిప్పితే నల్ల మసి ఈడ్చినట్టు ఉండేది. ఓఎల్‌ఈడీలో అది లేదు. కానీ 175 హెర్ట్జ్ నుంచి 240కి వెళ్లడానికి ఎంత ఇవ్వాలి అన్నది ఆలోచించండి. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో ఒక వస్తువు కదిలితే 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ల మేర మసక, 175లో ఐదున్నర, 240లో 4. మొదటి దూకు పెద్దది, రెండోది చిన్నది. పైగా సెకనుకు 240 ఫ్రేములు మీ గ్రాఫిక్స్ కార్డు ఇవ్వగలిగితేనే. కొత్త తరం 240 హెర్ట్జ్ వచ్చినప్పుడు పాత 175 ధర బాగా దిగితే, నేను ఆలోచించకుండా పాతదే కొంటాను.

ఇక కార్డు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు ఉంటుంది కొందరి వ్యవహారం. మీ ఇప్పటి తెరలో సుమారు 37 లక్షల పిక్సెళ్లు. 3440×1440లో 49.5 లక్షలు, అంటే మూడో వంతు భారం అదనం. 5120×1440లో 74 లక్షలు, 4కేకి కాస్త తక్కువ. 5120×2160లో కోటీ పది లక్షలు, 4కే కంటే మూడో వంతు ఎక్కువ. 57 అంగుళాల దానిలో కోటీ అరవై ఆరు లక్షలు, సరిగ్గా రెండు 4కే తెరలు. ఆ తెరను నిండుగా నడపాలంటే ఎంత పెద్ద కార్డయినా డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేయడం) మీద ఆధారపడాలి. అంటే పిక్సెళ్లకు డబ్బు కట్టి, వాటిని ఊహించి నింపించుకోవడం. మానిటర్ ధర పక్కన కార్డు ధర కూడా రాసి చూసుకుంటే 34 ఇంకా చౌకగా కనిపిస్తుంది.

తీగ కూడా చూసుకోవాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో నికరంగా వెళ్లేది సెకనుకు 25.92 గిగాబిట్లు. 3440×1440ని 175 హెర్ట్జ్‌లో 10 బిట్ల రంగుతో పంపాలంటే అది కాస్త మించిపోతుంది. అందుకే డీఎస్‌సీ కుదింపు లేని ఆ మొదటి 2022 మోడల్‌లో 10 బిట్లు కావాలంటే 144 హెర్ట్జ్‌కు దిగాలి. కంటికి తేడా తెలియదు, కంగారు పడొద్దు. 57 అంగుళాల దాని దగ్గర ఇది నిజమైన చిక్కు: ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 వరుస కార్డుల్లో డిస్‌ప్లేపోర్ట్ 1.4 మాత్రమే ఉండటంతో ఆర్‌టీఎక్స్ 4090 కూడా దాన్ని పూర్తి రిజల్యూషన్‌లో 240 హెర్ట్జ్‌తో నడపలేకపోయింది. ఆర్‌టీఎక్స్ 50 వరుసలో డిస్‌ప్లేపోర్ట్ 2.1 వచ్చాక ఆ అడ్డు తొలగింది.

గేములన్నీ ఈ వెడల్పును వాడుకుంటాయనుకోకండి. ఎల్డెన్ రింగ్ 16:9లోనే ఆడాలి, పైగా 60 ఫ్రేములు దాటదు. వాలరెంట్‌లోనూ పక్కల నల్ల పట్టీలే. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 21:9 చిత్రాన్ని ఇవ్వవు. మీ దగ్గర కన్సోల్ ఉండి సగం ఆట దాని మీదే అయితే 32 అంగుళాల 4కే ఓఎల్‌ఈడీ కొనుక్కోండి, అల్ట్రావైడ్ మాట మరిచిపోండి. 32:9లో, అంటే 49, 57 అంగుళాల వాటిలో, ఇంకో ఇబ్బంది ఉంది. వెడల్పును వాడుకునే గేముల్లో కూడా అంచుల్లో బొమ్మ సాగినట్టు ఉంటుంది, పటాలూ ప్రాణాల పట్టీలూ ఎక్కడో మూలల్లో ఉంటాయి. మిత్రుడి 49 మీద కారు రేసు ఆడితే పక్క అద్దాలు రెండూ కనిపించి ప్రాణం లేచొచ్చింది. అదే తెర మీద షూటింగ్ గేమ్ ఆడితే మ్యాప్ చూడటానికి మెడ తిప్పి తిప్పి మూడో వారానికి నేను గేమ్‌ను మధ్య 21:9లోనే నడపడం మొదలుపెట్టాను. అంటే ఆయన 49లో నేను 34 ఆడుకున్నాను.

చివరిగా మీ భయం, మరకలు పడిపోవడం (బర్న్-ఇన్), అంటే ఎప్పుడూ కదలని బొమ్మల జాడ తెర మీద నిలిచిపోవడం. పడవు అని చెప్పను. నా ఓఎల్‌ఈడీల్లో ఒకటి రెండేళ్లు దాటాక, ముదురు బూడిద తెర పెట్టి చీకటిలో చూస్తే కింద టాస్క్‌బార్ ఉండే చోట సన్నని తేడా కనిపించింది. ఇంకో విషయం నేను ముందు ఊహించలేదు: 16:9 వీడియోలు ఎక్కువగా చూడటం వల్ల మధ్య భాగం ఎక్కువ వెలిగి, పక్కలు తక్కువ అరిగాయి. అదే బూడిద తెర మీద రెండు నిలువు సరిహద్దులు లీలగా తెలిసేవి. గేముల్లో ఒక్కసారి కూడా నా కంటపడలేదు. అల్ట్రావైడ్ ఓఎల్‌ఈడీకి ఎక్కువగా ఉన్న ముప్పు ఇది, వీడియోలు ఎక్కువ చూసేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఆఫీసు పనికి వెలుగు 120 నిట్ల దగ్గర ఉంచండి. టాస్క్‌బార్ దాచేయండి. నాలుగైదు నిమిషాలు ఖాళీగా ఉంటే తెర ఆరిపోయేలా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపకండి. ప్యానెల్ తనను తాను సరిచేసుకునే పని స్టాండ్‌బైలో ఉన్నప్పుడే చేసుకుంటుంది. కరెంటు పొదుపని రోజూ స్విచ్ తీసేసిన ఒకరి మానిటర్ పదకొండు నెలలకే నా దగ్గరికి వచ్చింది. వారంటీ కాగితంలో "బర్న్-ఇన్" అన్న మాట విడిగా రాసి ఉందా లేదా చూడండి, మూడేళ్లు ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. "ప్యానెల్ వారంటీ" అని మాత్రమే ఉంటే అది వేరే కథ. పాతది కొంటే ఎన్ని గంటలు వాడారో మెనూలో చూపించమనండి, పక్కన బూడిద తెర పరీక్ష కూడా.

వచ్చాక మొదటి వారంలో చూడాల్సిన ఇంకో లోపం, ఫ్రేముల సంఖ్య ఊగిసలాడినప్పుడు చీకటి దృశ్యం మినుకుమినుకుమనడం. రిఫ్రెష్ రేటు మారుతున్నప్పుడు ముదురు ఛాయల వెలుగు కూడా కాస్త మారడం వల్ల వస్తుంది. ఓఎల్‌ఈడీల్లోనూ వీఏల్లోనూ ఉంటుంది, మానిటర్ పాడైందని కాదు. లోడింగ్ తెరల దగ్గర బాగా కనిపిస్తుంది. ఫ్రేములను ఒక స్థిరమైన సంఖ్య దగ్గర కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది. నేను 175 హెర్ట్జ్ తెర మీద బరువైన గేములను 90 ఫ్రేముల దగ్గర కట్టేసి ఆడతాను.

మీరు పగలు రాత్రి రెండూ ఒకే తెర మీద గడిపే మనిషి. గదిలో వెలుతురు అదుపు చేసుకోగలిగితే 34 అంగుళాల క్యూడీ-ఓఎల్‌ఈడీ, వీలైతే ఒక తరం పాతది. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు దాచుకోండి. పని అంతా అక్షరాలతోనే, బడ్జెట్ అడ్డు కాదు, కార్డు ఇప్పటికే పెద్దదే అయితే 5120×2160 ఉన్న 45. కిటికీ ఎదురుగా కదలని బల్ల అయితే మినీ-ఎల్‌ఈడీ, అప్పుడు కూడా 57 కాదు, రేసింగ్ చక్రం లేకపోతే. కంటి నుంచి తెర దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉంటుందో, కార్డు ఏదో, కిటికీ బల్లకు ఏ వైపు ఉందో కింద రాయండి. వీటిలో మీది ఏదో అప్పుడు తేల్చి చెబుతాను.